ఆ ఫారం మీద ఇంకో రెండు మాటలు

(అమలాపురంలో ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సింగ్ విద్యార్థులు, ఊరివాళ్లు కూడిన ఒక సాయంత్రం సభలో ఓ పాథాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. రోగుల ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.)

అందరికీ నమస్కారమండి. వెనక నుంచున్న పిల్లలు ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఫ్యాను ఇటు తిప్పినాయన ఎవరో గానీ చల్లగా ఉండాలి.

నాకిచ్చిన అంశం అరుదైన జబ్బులను ల్యాబులో గుర్తుపట్టడం. ఈ మాట వినగానే జనానికి పెద్ద పెద్ద మెషీన్లు, బెంగళూరుకో ముంబైకో పంపే శాంపిళ్లు, వేలకి వేలు పోసే టెస్టులు గుర్తొస్తాయి. అవీ కావాలి, కాదనను. కానీ నేను చూసినంతలో అరుదైన జబ్బు ఎక్కువసార్లు దొరికేది అక్కడ కాదు. మా దగ్గరికి రక్తం వస్తుంది, మూత్రం వస్తుంది, చీము వస్తుంది, కోసిన ముక్క సీసాలో వస్తుంది. మనిషి రాడు. మనిషికి బదులు ఒక ఫారం వస్తుంది. దాని మీద పేరు, వయసు, ఆడో మగో, కింద "సీబీపీ" (రక్తకణాల లెక్క పరీక్ష) అని గిలికిన ఒక ముక్క. రోగి వివరాలు అని అచ్చేసిన చోటు ఎప్పుడు చూసినా తెల్లగానే ఉంటుంది. అక్కడ ఇంకో రెండు మాటలు రాయండి మహాప్రభో అన్నదే నా గోల. ఏ ఊరు, ఏం పని చేస్తాడు, ఎన్నాళ్ల నుంచి బాధ, అమ్మానాన్నలది మేనరికమా. అవి లేక మనుషులు ఏళ్ల తరబడి ఎలా తిరుగుతారో, ఉంటే ఎంత తేలిగ్గా దొరికిపోతుందో ఇవాళ కొన్ని కేసులతో చెబుతాను.

అరుదు అనేది కూడా ఊరిని బట్టి ఉంటుందండి. ఇంగ్లండులో రాసిన పుస్తకంలో "చాలా అరుదు" అన్న జబ్బు మన చెరువు గట్టున ఏటా కనబడొచ్చు.

ముందు ప్లేట్‌లెట్లతో మొదలుపెడతాను. వానలు పడ్డాక మన జిల్లాల్లో ఆ మాట వింటే ఇంటిల్లిపాదికీ టెన్షనే కదా. ఒకావిడకి గర్భసంచి ఆపరేషన్ చెయ్యాలి. ముందుగా మామూలు పరీక్షలు రాశారు. మెషీన్ ప్లేట్‌లెట్లు 14 వేలు అని కొట్టింది. ఉండాల్సింది లక్షన్నర పైన. ఆపరేషన్ ఆగిపోయింది. కొడుకు రక్తం ఇచ్చేవాళ్ల కోసం ఫోన్లు చేస్తూ తిరుగుతున్నాడు, అల్లుడు కాకినాడ బయల్దేరాడు. ఆవిడ మాత్రం మంచం మీద కూర్చుని, "నాకు జ్వరం లేదు, నొప్పి లేదు, నన్నెందుకండీ పడుకోబెట్టారు?" అని వచ్చినవాళ్లనల్లా అడుగుతోంది. ఆ గదిలో సరైన ప్రశ్న వేసింది ఆవిడొక్కతే. నిజంగా 14 వేలే ఉన్న మనిషికి చిగుళ్ల దగ్గరో ముక్కులోనో రక్తం కనబడాలి, కాళ్ల మీద ఎర్రటి చుక్కలైనా ఉండాలి. ఆవిడకి ఏమీ లేవు.

స్లైడు వేసి చూశాం. స్లైడు మీద రక్తపు పొర పల్చబడి చివరికొచ్చే చోట, తోక అంటాం దాన్ని, అక్కడ ప్లేట్‌లెట్లు ఇరవయ్యేసి ముప్ఫయ్యేసి కలిసి గుత్తులు గుత్తులుగా పడున్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది కదా. కొంతమంది రక్తంలో ఒక యాంటీబాడీ ఉంటుంది. ఈడీటీఏ సమక్షంలో మాత్రమే అది ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతికిస్తుంది. ఒంట్లో ఏమీ జరగదు, జరిగేదంతా ట్యూబులోనే. మెషీన్ ప్లేట్‌లెట్‌ని సైజును బట్టి పోల్చుకుంటుంది. గుత్తి పెద్దది కాబట్టి దాన్ని ప్లేట్‌లెట్ల లెక్కలోంచి తీసేస్తుంది, ఒక్కోసారి తెల్లకణం అనుకుని ఆ ఖాతాలో వేసేస్తుంది కూడా. అదే మనిషి రక్తం నీలం మూత సిట్రేట్ ట్యూబులో తీశాం. అందులో ద్రవం కలిసి రక్తం కాస్త పల్చనవుతుంది కనక వచ్చిన అంకెని 1.1తో హెచ్చవేయాలి. రెండు లక్షలు దాటింది. ఆపరేషన్ జరిగిపోయింది. ఆవిడకి ఒక చీటీ రాసిచ్చాం, ఎక్కడ రక్తం తీసినా ముందు ఇది చూపించమని. ఆ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, ప్రతి ఊళ్లోనూ ఇదే నాటకం మళ్లీ మొదలవుతుంది మరి.

డెంగీ రోజుల్లో ఎవరికి తక్కువొచ్చినా ఇదేలే అని కొట్టిపారేయమని అనడం లేదు. డెంగీలో నిజంగానే పడతాయి. మనిషి తీరుకీ అంకెకీ పొంతన లేనప్పుడు స్లైడు చూడమంటున్నాను. చాలా మెషీన్లు "గుత్తులున్నాయేమో చూడండి" అని రిపోర్టు మూల చిన్న గుర్తు వేస్తాయి కూడా. మనమే దాన్ని చింపి పారేస్తాం.

చలికాలంలో ఇంకో తమాషా ఉంది. పొద్దున్నే వచ్చిన శాంపిల్‌లో ఎంసీహెచ్‌సీ, అంటే ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ చిక్కదనం, 45 వస్తుంది. ఎర్రకణంలో అంత హిమోగ్లోబిన్ పట్టదు, 36 దాటిందంటేనే అనుమానించాలి. ట్యూబు వంచి చూస్తే గాజుకి సన్నటి రవ్వలు అంటుకుని ఉంటాయి. 37 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచి మళ్లీ వేస్తే అంకెలు దారికొస్తాయి. చల్లబడినప్పుడు ఎర్రకణాలను కూడగట్టే యాంటీబాడీలు ఇవి. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే న్యుమోనియా తర్వాత కనబడతాయి, పెద్దవయసువాళ్లలో అయితే వెనకాల లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఉందేమో చూసుకోవాలి. దీన్ని ఇంతటితో వదిలేస్తాను. మన దగ్గర చలి ఏపాటి!

ఇక మన నేల మీది జబ్బుకి వద్దాం.

ఒకాయన కొబ్బరి దింపు కార్మికుడు. చేతిలో ప్లాస్టిక్ సీసా, అందులో తెల్లగా చిక్కగా ఏదో ఉంది. మా టెక్నీషియన్ కుర్రాడు, "ఇదేంటి బాబాయ్, పాలు పట్టుకొచ్చావా?" అన్నాడు. ఆయన నవ్వలేదు. "పొద్దున్నపూట ఇలాగే పడుతోంది బాబూ. మాంసం తిన్న మర్నాడు మరీనూ. ఒక్కోసారి గడ్డలు అడ్డం పడి బిగబట్టేస్తది" అన్నాడు. ఫారం మీద ఉన్నదల్లా "ప్రోటీన్ నాలుగు ప్లస్‌లు, కిడ్నీ జబ్బు?" అని. అప్పటికే ఆయనకి ఉప్పు మాన్పించారు, పప్పు మాన్పించారు, మనిషి సగమైపోయాడు. ఉప్పు లేని కూడు తిని చెట్టెక్కడం ఎంత కష్టమో ఆయన చెబుతుంటే వినాలి.

మాంసం తిన్న మర్నాడు అన్నాడు చూశారూ, ఆ ముక్కలోనే జబ్బుంది. దీనికి పరీక్ష పైసా ఖర్చుతో పనిలేనిది. ముందు దగ్గర్లో బర్నర్ ఉంటే ఆర్పెయ్యండి, ఈథర్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. పరీక్షనాళికలో కాస్త మూత్రం, దానికి సమానంగా ఈథర్ పోసి, మూత బిగించి, బాగా ఊపి స్టాండులో పెట్టాలి. అంతే. మేమందరం చుట్టూ మూగాం. కాసేపటికి కిందిభాగం తేటబడుతూ వచ్చింది. తెల్లదనమంతా కరిగి పైకి ఈథర్ పొరలోకి వెళ్లిపోయింది. కింద మామూలు మూత్రం, లేత పసుపు రంగులో. ఆ తెలుపు కొవ్వు అన్నమాట. ఫాస్ఫేట్ల వల్ల తెల్లబడితే ఎసిటిక్ యాసిడ్ చుక్కలకి ఆ తెలుపు కరిగిపోతుంది, చీము అయితే మైక్రోస్కోపులో చీముకణాలు కనబడతాయి. ఈథర్‌కి తేటబడిందంటే మాత్రం అది కొవ్వే.

మనం తిన్న కొవ్వు పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి పోదు. లింఫ్ నాళాల్లో పాలలాంటి ద్రవంగా ప్రయాణించి తర్వాత రక్తంలో కలుస్తుంది. ఫైలేరియా పురుగులు ఆ నాళాల్లో కాపురం పెట్టి పాడుచేస్తే, లోపల ఒత్తిడి పెరిగి అవి ఉబ్బి, మూత్రపిండం దగ్గర చిట్లి మూత్రంలోకి దారి చేసుకుంటాయి. దాంతో పాటు ప్రోటీనూ పోతుంది కనక స్ట్రిప్ మీద నాలుగు ప్లస్‌లు. మూత్రపిండాల వడపోత మాత్రం శుభ్రంగానే ఉంటుంది. ఆయనకి మానాల్సింది ఉప్పూ పప్పూ కాదు, నూనే కొవ్వూ. ఫైలేరియా మందు వాడి, తగ్గనివాళ్లకి యూరాలజిస్టులు లోపలికి మందు ఎక్కించి ఆ చిల్లులు మూసే పద్ధతి కూడా ఉంది. 1870లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టరు ఇలాంటి పాలమూత్రంలోనే ఫైలేరియా పిల్లపురుగుల్ని చూశాడు. రక్తంలో చూసింది ఆ తర్వాత, 1872లో. మన మనిషి జబ్బు పుస్తకాలకెక్కి అంత కాలమైంది, మనమేమో కిడ్నీ అని రాసి పంపుతున్నాం.

బోదకాలు, వరిబీజం గోదావరి జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వం ఫైలేరియా శిక్షణ కోసమే ఒక కేంద్రం పెట్టిందంటేనే మన ఘనత తెలుస్తోంది కదా! ఇప్పుడు మందుల పంపిణీ వల్ల బాగా తగ్గింది. తగ్గడం వల్ల ఒక చిక్కొచ్చింది. కుర్ర డాక్టర్లు, కుర్ర టెక్నీషియన్లు ఆ పురుగుని ఫోటోలో తప్ప చూడటం లేదు. అది కనబడేదేమో మనం వెతకని చోట. రొమ్ములో గడ్డ అని వస్తారు, మెడలో గడ్డ అని వస్తారు. సూది పెట్టి నాలుగు కణాలు లాగి స్లైడు మీద పూస్తాం. ఇంట్లోవాళ్లు బయట బెంచీ మీద దేవుళ్లందరికీ మొక్కుతుంటారు. స్లైడు కింద చూస్తే క్యాన్సర్ కణాలేమీ లేవు, గులాబీ రంగు ఇసినోఫిల్స్ అనే తెల్లకణాల మధ్యలో వంకరలు తిరిగి ఒక పిల్లపురుగు. పొడవు మిల్లీమీటరులో పావు వంతు పైచిలుకు. ఒంటి చుట్టూ పల్చటి తొడుగు, లోపల వరసగా ఊదారంగు చుక్కలు, తోక చివర మాత్రం చుక్కలుండవు. ఆ ఖాళీ తోక చూసే ఇది ఉకరేరియా అనే ఫైలేరియా రకం అని చెబుతాం. కేరళలో కనబడే బ్రూగియా రకానికి తోక కొసన రెండు చుక్కలుంటాయి. నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఏదంటే, ఆ బెంచీ దగ్గరికెళ్లి "క్యాన్సర్ కాదమ్మా, పురుగు, మాత్రలతో పోతుంది" అని చెప్పడం. చూసేవాళ్లు తొందరపడి క్యాన్సర్ కణాలు లేవని స్లైడు పక్కన పెట్టేస్తే అది దొరకదు.

దీనికే ఇంకో రూపం ఉంది, ఉబ్బసం వేషం వేసుకొస్తుంది. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. ఇన్‌హేలర్లు వాడతారు, కాస్త తగ్గినట్టు ఉంటుంది, మళ్లీ మామూలే. సీబీపీలో ఇసినోఫిల్స్ శాతం మాత్రమే చూసి వదిలేస్తాం. శాతం కాదు, అసలు సంఖ్య చూడాలి. మైక్రోలీటరుకి 3000 దాటిందంటే ఈ ప్రాంతంలో ఫైలేరియా గుర్తుకు రావాలి. రాత్రి రక్తం తీసినా పురుగు కనబడదు, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోనే వాటిని ఒళ్లు పట్టేసుకుంటుంది. ఆ గొడవే దగ్గు. దీన్ని 1943లో వైన్‌గార్టెన్ అనే ఆయన మన దేశంలోని రోగులను చూసే ఒక ప్రత్యేక జబ్బుగా వర్ణించాడు. మూడు వారాల డీఈసీ, అదే ఫైలేరియా మందు, మాత్రలతో చాలామందికి ఆ దగ్గు పోతుంది. ఇక్కడే ఫారం సంగతి మళ్లీ. "డెల్టాలోనే పుట్టి పెరిగాడు" అన్న ఒక్క ముక్క హైదరాబాద్‌లో ఆ రక్తం చూసే డాక్టరుకి తెలిస్తే చాలు.

డీఈసీ అన్నాను కాబట్టి ఒకాయన పేరు చెప్పకుండా ముందుకి వెళ్లలేను. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములు పోయారు, తనూ దాని బారిన పడి బతికారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో ప్రచురించారు. బయోకెమిస్ట్రీ టెక్నీషియన్లూ, ఫిస్కే-సుబ్బారో పద్ధతి అని మీరు పరీక్షల్లో రాశారే, ఆ సుబ్బారో మన భీమవరం ఆయనే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధన నుంచే హెట్రజాన్ వచ్చింది, అంటే మన డీఈసీ. ఆయన 1948లో న్యూయార్క్‌లో పోయారు. బోదకాళ్ల జిల్లాలో పుట్టిన మనిషి బోదకాలుకి మందు తెచ్చిన వాళ్లలో ముందు వరసలో ఉన్నాడు. చప్పట్లు నాకు కాదు, ఆయనకి కొట్టండి.

(చప్పట్లు)

ఇప్పుడు చెరువులు. 1900లో బ్యూనస్ ఎయిరిస్‌లో సీబర్ అనే ఆయన ముక్కులో పెరిగే ఒక ఎర్రటి కండలో వింత జీవిని చూశాడు. దాదాపు వందేళ్లు దాన్ని శిలీంధ్రం, అంటే ఫంగస్ అన్నారు. ఎవరూ మామూలు పద్ధతుల్లో దాన్ని ప్లేటు మీద పెంచలేకపోయారు. 1999 ప్రాంతంలో జన్యువులు చదివితే తేలిందేమిటంటే అది ఫంగస్ కాదు, చేపల్లో పరాన్నజీవులుగా ఉండే ఒక కుదురుకి చెందినది. కనిపెట్టింది అర్జెంటీనాలో, కేసులు ఎక్కువ వచ్చేది మన దేశంలో, శ్రీలంకలో. రైనోస్పోరిడియం అంటారు. నిలవ నీళ్లలో, గేదెలు దిగే చెరువుల్లో ఈదే కుర్రాళ్లకి వస్తుంది. ముక్కు దిబ్బడ, ముక్కులోంచి రక్తం. లోపల చూస్తే ఎర్రటి కండ, దాని మీద తెల్లటి చుక్కలు. ఆ ఒక్కో చుక్కా ఒక సంచి, కంటికి కనబడేంత సంచి, అందులో వేలకొద్దీ బీజాలు.

ఈ ఒక్క జబ్బులో ఫారం ఖాళీగా ఉన్నా పాథాలజిస్టుకి నష్టం లేదు. స్లైడు లో పవర్‌లో పెట్టగానే తెలిసిపోతుంది, ఇంకేదీ అలా ఉండదు. నష్టం సర్జన్‌కి. మామూలు పాలిప్ అనుకుని లాగితే ధారగా రక్తం వస్తుంది, మొదలు కాల్చకపోతే మళ్లీ మొలుస్తుంది. అందుకే ఈఎన్‌టీ వాళ్లకి చెబుతుంటాను, ముందు ముక్కులో ఒక స్మియర్ తీసి పంపండి, చెరువులో ఈత అలవాటుందేమో అడిగి రాయండి అని. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటదని తెలియక ఒక ఊళ్లో ఆ కుర్రాణ్ణి బడిలో విడిగా కూర్చోబెట్టారు, పాపం.

చెరువు దాటితే వరిచేను. మైక్రోబయాలజీ టెక్నీషియన్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. మీలో ఎంతమందికి కల్చర్ ప్లేటు, అంటే క్రిములను పెంచే పళ్లెం, మూత తీసి వాసన చూసే అలవాటుంది? నవ్వకండి, నాకు తెలుసు, అందరికీ ఉంటుంది. సూడోమోనాస్ అనే క్రిమి ద్రాక్షపళ్ల వాసన వేస్తుందని మేమే మీకు నేర్పాం. ఇవాళ్టి నుంచి మానెయ్యండి. ఎందుకో చెబుతాను.

మధ్యవయసు రైతు. షుగరుంది, మందులు సరిగ్గా వాడడు. ఊడ్పుల్లో రోజంతా బురదలోనే. వానలు జోరుగా పడ్డాక జ్వరం పట్టుకుంది, వారాలైనా వదల్లేదు. బరువు తగ్గాడు, ఎక్స్‌రేలో మచ్చ కనబడింది, కళ్లెలో టీబీ దొరకలేదు, అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. తర్వాత స్కాన్‌లో ప్లీహంలో చీముగడ్డలు. ఆ చీము కల్చర్‌కి వచ్చింది. మొదటి రోజు ప్లేటు మీద చిన్న చిన్న కాలనీలు. చాలా ల్యాబుల్లో ఆ రోజే "సూడోమోనాస్ జాతి" అని రాసి ప్లేటు పారేస్తారు, లేదా బయటి నుంచి పడ్డ చెత్త అని కొట్టేస్తారు. ఇంకో రెండు రోజులు ఉంచితే అవే కాలనీలు ఎండి, ముడతలు పడతాయి. మైక్రోస్కోపులో చూస్తే కడ్డీలాంటి క్రిమి రెండు కొసలూ గట్టిగా రంగు పట్టి, మధ్య ఖాళీగా ఉంటుంది. ఇంకా పెద్ద ఆనవాలు, క్రిమి ఏ మందుకి లొంగుతుందో చూడటానికి ప్లేటు మీద పెట్టే మందుల బిళ్లల దగ్గర ఉంది. జెంటామైసిన్‌కి లొంగదు, కొలిస్టిన్‌కి లొంగదు, అమాక్సిసిలిన్ క్లావులనేట్‌కి మాత్రం లొంగుతుంది. మామూలు సూడోమోనాస్‌కి ఇది తలకిందులు. ఈ మూడూ కలిసొస్తే బల్ల మీద గుద్ది చెప్పకపోయినా, వెంటనే ఫోన్ ఎత్తి డాక్టరుతో మాట్లాడాలి.

దాని పేరు బర్కోల్డేరియా సూడోమల్లై. జబ్బు పేరు మెలియాయిడోసిస్. మట్టిలో, వరిచేల నీళ్లలో ఉంటుంది. కాలి పుండు లోంచి దూరుతుంది, గాలివానలో ఊపిరితో లోపలికి పోతుంది. ప్లేటు మూత తీసి పీలిస్తే అలా కూడా పోతుంది, అందుకే మానమన్నాను. ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, సి.ఎస్. కృష్ణస్వామి కలిసి రంగూన్‌లో దీన్ని మొదట కనిపెట్టారు, 1912లో ప్రకటించారు. మన కోరంగి, కాకినాడ రేవుల నుంచి జనం ఓడలెక్కి రంగం, అంటే ఆ రంగూన్‌కే, పోయిన రోజులవి. అక్కడ ఆస్పత్రి మెట్లెక్కిన కూలీల్లో మనవాళ్లూ ఉండే ఉంటారని నా ఊహ. ఊహే సుమండీ, రుజువడక్కండి.

ఈ క్రిమి ఒంట్లో దాక్కుని కూర్చోగలదు. రెండో ప్రపంచయుద్ధంలో ఆగ్నేయాసియాలో ఉన్న ఒక సైనికుడికి 62 ఏళ్ల తర్వాత బయటపడినట్టు వైద్య పత్రికల్లో ఉంది. మందు ఉంది. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ కనీసం పది పద్నాలుగు రోజులు నరంలోకి, తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు. జ్వరం తగ్గింది కదా అని మాత్రలు మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది. మనవాళ్లు ఆపేస్తారు కూడా, కోతలొస్తే ఎవడాగుతాడు? ఇక్కడ ఫారం మీద రాయాల్సింది రెండే ముక్కలు, షుగరు, వరిచేను. ఆ రెండూ ఉంటే టెక్నీషియన్ ప్లేటుని ఇంకో రెండు రోజులు ఉంచుతాడు. లేకపోతే చెత్తబుట్టలోకి పోతుంది, రోగి టీబీ మందుల మీదే ఉంటాడు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మేనరికాలు. ముందే చెబుతున్నాను, పెళ్లిళ్లు చెడగొట్టడానికి రాలేదు. మా అమ్మానాన్నలదీ మేనరికమే.

ఒక అమ్మమ్మ చంటిపిల్లాడి పొత్తిగుడ్డలు మూటగట్టి పట్టుకొచ్చింది. తడిసినప్పుడు మామూలుగానే ఉంటాయి, ఆరేసరికి నల్లబడతాయి. సబ్బుతో ఉతికితే ఇంకా నల్లబడతాయి. ఇంట్లో దిష్టి తీశారు, సబ్బు మార్చారు. పెద్దావిడకి అనుమానం తీరలేదు. డాక్టరు చూపించమన్నది పిల్లాడి మూత్రం, ఆవిడ తెలివిగా గుడ్డలూ తెచ్చింది. అంతకుముందు ఎక్కడో బెనెడిక్ట్ పరీక్ష చేసి చక్కెరుందేమో అన్నారట. మేం గ్లూకోజ్ స్ట్రిప్ ముంచితే చక్కెర లేదు. ఈ రెండూ ఇలా తగువులాడుకుంటే మూత్రంలో చక్కెర కాని మరేదో ఉందన్నమాట. కాస్త మూత్రంలో క్షారం కలిపి గాలి తగలనిచ్చాం. పైనుంచి కిందికి నల్లబడుతూ వచ్చింది. హోమోజెంటిసిక్ యాసిడ్. జబ్బు ఆల్కప్టోన్యూరియా. ప్రపంచంలో రెండున్నర లక్షల మందిలో ఒకరికో, ఇంకా తక్కువగానో ఉంటుంది. సబ్బులో క్షారం ఉంటుంది కనకే ఉతికిన కొద్దీ నల్లబడుతోంది, సబ్బు కంపెనీ తప్పేమీ లేదు.

1902లో లండన్‌లో గ్యారడ్ అనే డాక్టరు ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు చాలాచోట్ల దగ్గర చుట్టాలని గమనించి, జబ్బులు పుట్టుకతో కెమిస్ట్రీలోనే ఉండొచ్చని చెప్పాడు. జన్యుశాస్త్రం మనుషుల జబ్బుల్లోకి వచ్చింది అలా. తల్లికీ తండ్రికీ చెరొక లోపమున్న జన్యువు ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. చిన్నప్పుడు గుడ్డలు నల్లబడటం తప్ప బాధ ఉండదు. ముప్ఫై దాటాక వెన్ను, మోకాళ్లు అరుగుతాయి, చెవుల అంచులు నీలంగా మారతాయి. ఇప్పుడు నిటిసినోన్ అనే మందు ఆ యాసిడ్‌ని బాగా తగ్గిస్తుంది, యూరప్‌లో 2020లో దీనికి అనుమతించారు. ఆ అమ్మమ్మ గుడ్డలు తేకపోతే ఈ పిల్లాడు నలభై ఏళ్లకి నడుంనొప్పి అని ఏ ఎముకల డాక్టరు దగ్గరో తేలేవాడు.

మేనరికం దగ్గరే ఇంకొకటి. కాన్పుకి వచ్చిన అమ్మాయి. గ్రూపు ఓ పాజిటివ్ అని ఉంది. రక్తం ఎక్కించాలి. క్రాస్‌మ్యాచ్ చేస్తే ఓ రక్తం బ్యాగులు ఒక్కటీ కుదరడం లేదు. ఇలాంటప్పుడు టెక్నీషియన్ తన చేతినే అనుమానించుకుంటాడు, మళ్లీ చేస్తాడు, ఇంకో బ్యాగు తీస్తాడు. ఎర్రకణం మీద ఏ, బీ అనేవి రెండు గదులనుకుంటే, రెండింటికీ హెచ్ అనే పదార్థం పునాది. ఓ గ్రూపు వాళ్లకి గదుల్లేవు గానీ పునాది నిండుగా ఉంటుంది. కొద్దిమందికి ఆ పునాదే ఉండదు. వాళ్లకి ఓ రక్తం కూడా పరాయిదే, ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. 1952లో బొంబాయిలో భెండే గారి బృందం కనిపెట్టింది కనక బాంబే గ్రూపు అంటారు. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికి.

చాలాచోట్ల ఇది జారిపోయేది ఎక్కడో తెలుసా? రివర్స్ గ్రూపింగ్‌లో, అంటే రోగి సీరాన్ని తెలిసిన గ్రూపు కణాలతో కలిపి చూసేటప్పుడు, ఏ కణాలు, బీ కణాలు పెడతారు, ఓ కణాలు పెట్టరు. ఆ మూడో ట్యూబు పెట్టండి. ఓ మనిషి సీరం ఓ కణాలను గుత్తులు కట్టకూడదు. కట్టిందంటే ఆగి, యాంటీ-హెచ్‌తో చూడాలి. ఆ అమ్మాయి వాళ్లక్కకి కూడా ఇదే గ్రూపు. అక్కాచెల్లెళ్లకి ఉండే అవకాశం నాలుగింట ఒకటి కాబట్టి ముందు ఇంట్లోనే వెతుకుతాం. అక్క రక్తం సరిపోయింది, తల్లీ బిడ్డా ఇంటికెళ్లారు. వాళ్ల ఆధార్ కార్డు వెనకే గ్రూపు రాసి అతికించుకోమన్నాను, ఫోన్లో అయితే పోతుందని.

సమయం అయిపోయిందని నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(డెంగీలో బొప్పాయి ఆకు రసం గురించి ఒక విద్యార్థిని అడిగారు.)

జ్వరం తగ్గాక కొద్దిరోజుల్లో ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయమ్మా. ఆ రోజుల్లో ఏం తాగినా దానివల్లే పెరిగిందనుకుంటాం. డెంగీలో మనిషిని నిలబెట్టేది వేళకి అందే ద్రవాలు. జ్వరం తగ్గుతున్నప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా ఉండటం, ఎక్కడైనా రక్తం కారడం, వీటిలో ఏది కనబడినా ఆస్పత్రికి పరుగెత్తాలి. రసం చేస్తూ ఇంట్లో కూర్చోవద్దు.

(ఫైలేరియాకి రాత్రిపూటే రక్తం ఎందుకు తీస్తారని ఒక పెద్దాయన అడిగారు.)

మంచి ప్రశ్నండి. పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో ఉండి, రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రిపూట కదా, దానికి అందేలా అన్నమాట. అందుకే పది నుంచి రెండింటి మధ్య తీస్తాం. రాత్రి రాలేనివాళ్లకి పగలు డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇచ్చి, ముప్పావుగంట ఆగి తీసినా కొన్నిసార్లు బయటికొస్తాయి. అయితే ఏదైనా సరే, ఫారం మీద రక్తం తీసిన టైము వెయ్యాలి. పగలు పదకొండింటికి తీసిన స్లైడు మీద "పురుగు కనబడలేదు" అని నేను సంతకం పెడితే, ఆ కాగితం మీకు ఎందుకూ పనికిరాదు.